మాట వినబడే వేగం

మా బండికి పెట్రోలు ఎంత మిగిలి ఉన్నదో చూపే ముల్లు లేదు. టాంకు మూత తీసి, హ్యాండిలు పట్టుకొని బండిని అటూ ఇటూ ఊపి, లోపలి చప్పుడును బట్టి ఊహించుకోవలసిందే. ఆ శ్రమ కూడ నేను ఏనాడూ పడలేదు. శనివారం సాయంత్రం టాంకు నింపుకొంటే మరుసటి శనివారం దాకా నిశ్చింతగా ఉండేవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, విరమించిన తరువాతా కూడ తప్పని ఆ లెక్క, నా భార్య గతించిన తరువాత తప్పడం మొదలుపెట్టింది. గురువారం నాటికే మోటారు సైకిలు నాలుగుసార్లు దగ్గి, ఊపిరి విడిచి, ఉన్నచోట నిలిచిపోయేది. మొదటిసారి అది బెంగళూరులో, కె.ఆర్. పురం తీగల వంతెన దిగువన జరిగింది. వెనుకవాళ్ళు హారన్లు మోగించారు, నేను నవ్వుకొని ఊరుకొన్నాను. రెండవసారి నట్టెండలో, మెట్రో స్తంభాల నీడ నుంచి నీడకు బండిని తోసుకొంటూ పెట్రోలు బంకు వెతుక్కొన్నాను. ఆ దృశ్యం మా అమ్మాయి కంటబడింది.

ఆ సాయంత్రం భోజనం దగ్గర ఆమె చెంచా కింద పెట్టేసింది.

“మా ఆఫీసు క్యాబ్ మీ పక్కనుంచే వెళ్ళింది నాన్నా. ఎవరో పెద్దాయన, పాపం, ఈ ఎండలో బండి తోస్తున్నాడే అనుకున్నాను. తరవాత చొక్కా చూసి గుర్తుపట్టాను.”

“కన్నతండ్రిని చొక్కా చూసి గుర్తుపట్టే కాలం వచ్చిందన్నమాట.”

“జోకులు తరవాత. ఎండలో తిరగొద్దని డాక్టర్ చెప్పాడా లేదా? ఇంకొక్కసారి అది రోడ్డు మీద ఆగిందంటే అమ్మేద్దాం. ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటాను. సౌండ్ ఉండదు, పొగ ఉండదు. మాటివ్వండి.”

“ఆగితే కదా!”

“అదిగో, క్లాసులో పద్యానికి రెండో అర్థం తీసినట్టు తీస్తున్నారు. మాటివ్వండి.”

ఇచ్చాను. ఇచ్చిన తరువాత నాకు అన్నం సహించలేదు.

ఈ బండి పోతుందన్న ఊహ నన్ను ఎందుకంత కలవరపెట్టిందో చెప్పాలంటే మా సంసారం సంగతి కొంత చెప్పాలి. నా భార్య నర్సు. కృష్ణాతీరంనుంచి ఈ నగరానికి ఉద్యోగానికి వచ్చిన క్రైస్తవ కుటుంబపు పిల్ల. బంధువర్గంలో ఒక నర్సు బెంగళూరులో ఉన్నదంటే ఆంధ్రదేశంలోని ఆ వంశం యావత్తు రోగాలకూ ఆమె ఇల్లే సత్రం. గుండె చూపించుకోవడానికి ఒకరు, కన్ను చూపించుకోవడానికి ఒకరు, సంతానం లేదని ఒక జంట. వారికి తోడు వచ్చినవారు మరి కొందరు. ముందుగదిలో చాపలు, నడవలో చాపలు. మా అమ్మ వంటింట్లో పడుకొనేది. భార్యాభర్తలం గొంతు తగ్గించి మాట్లాడుకొంటే తమను గురించే అనుకొంటున్నామని అతిథులు నొచ్చుకొనేవారు. గొంతు పెంచితే వారూ ఆ సంభాషణలో కలిసి సలహాలిచ్చేవారు. ఏళ్ళ పర్యంతం ఆ ఇంట్లో మా ఇద్దరికీ తలుపు వేసుకోగల గది లేదు.

మాకు ఉన్న ఏకాంతమల్లా ఈ బండి. ఉదయం ఆమెను ఆసుపత్రి దగ్గర దింపి నేను ఒంటరిగా బడికి పోయేవాణ్ణి. సాయంత్రం బడినుంచి ఒంటరిగా వచ్చి ఆమెను ఎక్కించుకొని ఇల్లు చేరేవాణ్ణి. విరమణ తరువాత ఆసుపత్రికి బదులు అదే వీథిలోని చర్చివారి ఉచిత వైద్యశాల వచ్చింది. బడికి బదులు నేను కొందరు ఉత్సాహవంతులకు పద్యపాఠం చెప్పే హాలు వచ్చింది. దారి మాత్రం మారలేదు. ఇంటికీ హాలుకూ నడుమ, ఇంచుమించు సగం దూరంలో, ఆమె దిగే చోటు.

చీర చెంగు నడుముకు దోపుకొని, ఒకే పక్కకు కాళ్ళు వేసుకొని, నా భుజంమీద చెయ్యి ఆనించి ఆమె కూర్చునేది. బండి వీథి మలుపు తిరగడంతోనే కబుర్లు మొదలయ్యేవి. అమ్మాయికి ఏ పేరు పెట్టాలో ఆ బండిమీదనే నిశ్చయించుకొన్నాము. మా అమ్మ మాటలకు ఆమె పడిన కష్టం, ఆమె తమ్ముడి చదువు, నా పై అధికారి ధోరణి, వార్డులో ముందురోజు పోయిన ముసలాయన, ఇంటికి వెళ్ళిపోయిన బాలింత, అన్నీ అక్కడే. నడుమ నడుమ “వింటున్నారా?” అని అడిగేది. నేను “ఊఁ” అంటే ఊరుకొనేది కాదు. “అయితే నేనేమన్నానో చెప్పండి చూద్దాం” అని నిలదీసేది. పాఠం అప్పగించలేని విద్యార్థి అవస్థ ఎటువంటిదో, బడిలో ఎందరినో నిలబెట్టిన నాకు, అక్కడ తెలిసివచ్చేది.

కనుక బండిని బాగుచేయించుకోవడం నాకు చాలా పెద్ద విషయమైంది.

హొసకోటె వైపు పోయే పాత మద్రాసు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో, పాత మోటారు సైకిళ్ళను మాత్రమే ముట్టే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. వయస్సులో నాకు కాస్త చిన్న. తాతలనాడు వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆయన మాటల్లో రాయలసీమా కన్నడమూ ఒకదానిలో ఒకటి కరిగి ఉంటాయి. నా బండిని ఏళ్ళుగా ఆయనే చూస్తున్నాడు. ఒకప్పుడు ఆయన సైలెన్సరు తగిలి అరచెయ్యి కాల్చుకొంటే నా భార్య ఆ షెడ్డులోనే కూర్చోబెట్టి, తిడుతూ, కట్టు కట్టింది. నాటినుంచి పంతులునని నన్ను ‘అయివారూ’ అనీ, ఆమెను ‘అమ్మగారూ’ అనీ సంబోధించేవాడు. తన పనితనం మీద ఆయనకు గల నమ్మకం మాత్రం అపారం.

నేను సంగతి చెప్పగానే ఇంజనుకు చెవి ఒగ్గి, క్షణంలో తేల్చేశాడు.

“అమ్మగారు పోయినాక నెలల కొద్దీ దీన్ని సుమ్నె, ఊరికే నిలబెట్టేస్తిరి గదా అయివారూ. మనిషే మంచం పడితే కీళ్ళు పట్టుకుంటాయి, ఇది ఇనుము. టాపెట్లు బిగుసుకోని ఉండాయి. ఇంకేం లేదు. ఈ రాత్రికి ఈడ్నే వదిలి పోండి. పొద్దన్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాల.”

మరునాడు తెల్లవారుతూనే వెళ్ళాను. నేను చూసి అర్థం చేసుకొన్నంతవరకు విషయం ఇది. ఇంజనులో రెండు కవాటాలుంటాయి. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోనికి రానిచ్చేది, మరొకటి కాలిన పొగను వెలికి పంపేది. వాటిని తెరిచే, మేస్త్రీ టాపెట్లనే కడ్డీలకూ వాటికీ నడుమ వెంట్రుకవాసి ఎడం ఉండాలి. ఆ ఎడం లేకపోతే కవాటం పూర్తిగా మూసుకోదు. ఇంజను బలం ఆ సందులోనుంచి జారిపోయి, పెట్రోలు తాగిన కొద్దీ తాగుతుంది. ఎడం మితిమీరితే టకటకమని చప్పుడు చేస్తుంది. వేడికి లోహం సాగుతుంది కనుక చల్లని ఇంజనుకే ఈ పని చేయాలి.

మేస్త్రీ పక్కమూత విప్పి, కిక్కును చేతితో కొద్దికొద్దిగా నొక్కుతూ, రెండు కవాటాలూ మూసుకొన్న స్థితికి ఇంజనును తెచ్చి నిలిపాడు. రెండు సన్నని స్పానర్లు పట్టి నట్టును సడలించి, మర కదిపి, మళ్ళీ బిగించి, కడ్డీని రెండు వేళ్ళ నడుమ పట్టుకొని తిప్పాడు.

“ఇట్ల తిప్పితే హాయిగా తిరగల్ల. పైకీ కిందికీ అంటే మాత్రం ఊగగూడదు. పట్టి చూడండి.”

పట్టి చూశాను. చల్లని కడ్డీ నా వేళ్ళ కింద మెత్తగా తిరిగింది. నా భార్య రోగి మణికట్టు మీద వేళ్ళు ఆనించి, తల వంచి, పెదవులు కదలకుండా నాడి లెక్కించే తీరు నాకు ఆ క్షణాన కంటికి కట్టింది. ఎవరితో మాట్లాడుతూ ఉన్నా సరే, ఆ పనిలో ఉన్నప్పుడు ఆమె ఒక్కసారిగా మౌనం వహించేది. నేను చేయి తీయకుండా ఉండిపోతే మేస్త్రీ, “సాకు, చాలు అయివారూ, అరిగిపోతాది,” అని నవ్వాడు.

“ఇంక శనివారం నింపితే వచ్చే శనివారందాకా మీరు టాంకు మొగం చూడబన్లేదు,” అని హామీ ఇచ్చాడు.

మంగళవారం ఉదయం, అమ్మాయి లేవకముందే, దొంగవలె బండి దగ్గరకు పోయి మూత తీసి ఊపి చూశాను. లోపల చప్పుడు సగానికి సగం తగ్గి ఉన్నది. ఆ ఉదయమే బంకుకు పోయి మళ్ళీ నింపుకొన్నాను. అమ్మాయికిచ్చిన మాట తప్పకుండా కాపాడుకొన్నాను గాని, అది మాట నిలుపుకొన్నట్లు నాకే అనిపించలేదు.

రెండవ పర్యాయం మేస్త్రీ ప్లగ్గు విప్పి చూపించాడు. దాని మొన కాటుక పట్టినట్లు నల్లగా ఉన్నది. పెట్రోలు సరిగా కాలడం లేదని దాని అర్థమట. నేరం టాపెట్లనుంచి కార్బురేటరుకు మారింది. దాని విడిభాగాలూ, టాపెట్ల మూతకు వేసే కొత్త వాషరూ బళేపేటలో ఒక పాత కొట్టులో మాత్రమే దొరుకుతాయని చెప్పి, తాను షెడ్డు విడిచి రాలేనని నన్నే పంపాడు.

బళేపేటకు నేను అంతకుముందు వెళ్ళినదల్లా నా భార్యతోనే. ఇనుప సామానుల సందుకు పోవాలంటే గాజుల సందు దాటాలి. డ్యూటీలో చేతులకు గాజులు ఉండరాదు. అందువల్ల ఆమె గాజులన్నీ ఆదివారానివే. ఆరాధనకు వేసుకోవడానికి డజను గాజులు ఎంచడంలో ఒక పూట గడిపేది. చేతికి తొడిగి, కొట్టువాడి ముందు కాక, వీథిలోకి వచ్చి సూర్యకాంతిలో నాకు చూపించేది. నేను ఏ రంగు బాగున్నదంటే దానిని విడిచి రెండవది కొనేది. ఆ రోజు ఆ సందులో జనం నన్ను తోసుకొంటూ పోతున్నారు. ఎక్కడ నిలబడి ఆమె చేయి చాచేదో ఆ చోటు నాకు తెలుసు. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోను తొడుగుల బండి ఉన్నది. నేను కార్బురేటరు సామాను కొనుక్కొని వేరే సందు పట్టుకొని తిరిగివచ్చాను.

కొత్త భాగాలు వేసినా ఫలితం శూన్యం. చక్రాల గాలి చూశాడు, బ్రేకు పట్టుకొంటున్నదేమోనని చూశాడు, గొలుసు సవరించాడు, గాలిని వడగట్టే స్పంజి మార్చాడు, టాపెట్లు మళ్ళీ విప్పాడు. అన్వయం కుదరని పద్యాన్ని పట్టుకొని ఒక్కొక్క పదానికే అర్థం చెప్పుకొంటూ కూర్చొన్నట్లు ఉన్నది మా పని. మేస్త్రీకి పట్టుదల పెరిగింది. నాకు భయం పెరిగింది. ఆయన చేత కాదన్ననాడు, నేను మా అమ్మాయికి ఏమి చెప్పుకోను?

చివరికి ఒక ఉదయం ఆయన సీసా తీశాడు.

సీసా పరీక్ష పాత మేస్త్రీలందరూ ఎరిగినదే. టాంకునుంచి వచ్చే గొట్టాన్ని ఊడదీసి, కొలిచిన పెట్రోలు ఉన్న సీసాను హ్యాండిలుకు వేలాడగట్టి, దానినుంచి సన్నని రబ్బరు గొట్టం కార్బురేటరుకు కలుపుతారు. సీసా ఖాళీ అయ్యేదాకా బండి నడుపుతారు. అది ఎక్కడ ఆగితే అక్కడికి దాని శక్తి అంత. మొదట మేస్త్రీ తానే ఎక్కి హొసకోటె దారి పట్టాడు. సీసా అయిపోగానే గొట్టం మళ్ళీ టాంకుకు తగిలించుకొని చాలాసేపటికి తిరిగివచ్చాడు, ముఖం వెలిగిపోతున్నది.

“హొసకోటె చెరువుకట్ట కనబడేదాకా పోయె అయివారూ! కొత్త బండి గూడ ఇంత పోదు. ఇప్పుడు మీరు పోయి రాండి.”

అదే సీసా, అదే కొలత, అదే దారి. నేను వెళ్ళాను. పూలమొక్కలు అమ్మే ఒక నర్సరీ దగ్గర బండి ఆగిపోయింది. చెరువు అక్కడికి బహుదూరం. మేస్త్రీ తన స్కూటరుమీద వెనుకే వచ్చి, నడుముమీద చేతులు పెట్టుకొని, సీసాలోకి చూశాడు, నా ముఖంలోకి చూశాడు.

“యాడన్నా బండి స్టార్టులోనే పెట్టి కాఫీ తాగితిరా?”

“నేను తాగితే నీకు చెప్పకుండా తాగుతానా?”

“మల్ల నేను పోతే చెరువుకు పోతాది, మీరు పోతే నర్సరీకి పోతాది. ఇది బండా, మొగం చూసి తూకం వేసే అంగడా? ఉండండి. ఈ తూరి నేను మీ ఎనక కూర్చుంటా.”

సీసా మళ్ళీ నింపాడు. స్కూటరును నర్సరీవారికి అప్పగించి, బండిని షెడ్డువైపు తిప్పించి, నా వెనుక ఎక్కాడు. బయలుదేరాము.

“మూడో గేరు వేయండి,” అన్నాడు కొంతసేపటికి.

“వేస్తాను.”

“వేయండి మరి.”

“ముందు ఆ లారీని పోనీ.”

“లారీ పోయి శానా సేపాయె అయివారూ. ఈ పాటికి కె.ఆర్. పురం చేరింటాది.”

  బండి తన ధోరణిలో తాను పోయింది. ఇంజను మూలుగుతున్నట్లు నాకు వినబడుతూనే ఉన్నది గాని, ఎడమకాలు గేరు దగ్గరకు పోలేదు. సీసా అడుగంటింది, బండి దగ్గి, షెడ్డుకు కాస్త ఇవతల ఒక చింతచెట్టు పక్కన నిలిచింది. మేస్త్రీ దిగి, నా ముందుకు వచ్చి నిలబడి, చేతులు ప్యాంటుకు తుడుచుకొన్నాడు.

“ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దండి. మీరు తల యాల ఎడంపక్కకు వంచుకోని నడుపుతారు? మెడనొప్పా?”

“మెడనొప్పా? లేదే.”

“మల్ల అంతదూరం నుంచీ వంచుకోనే ఉండారు. ఎవరో ఎనకనుంచి చెప్తా ఉంటే వింటా ఉండేట్ల. నేనే ఏమన్నా అంటినా అని అనుమానం వచ్చె నాకు.”

నేను హెల్మెట్టు తీసి టాంకు మీద పెట్టాను. ఆయన నేలను చూస్తూ అన్నాడు:

“అమ్మగారు ఆ పక్కనే గదా కూర్చుంటా ఉన్నింది.”

ఎవరో లోపలి దీపం వెలిగించినట్లు, సర్వమూ నాకు ఒక్కసారిగా కనిపించింది. మూడవ గేరులో గాలి ఆమె మాటలో సగం ఎత్తుకుపోయేది. టాప్ గేరులో ఏమీ మిగిలేది కాదు. రెండవ గేరులో, ఎడమవైపుకు కాస్త తల వంచితే, ప్రతి మాటా వినబడేది. హెల్మెట్టు తప్పనిసరి అయిన తరువాత మరింత నెమ్మదించవలసి వచ్చింది. అయినా మాట వినబడేది. మాకు మాటలు లేని రోజుల్లో, అంటే ఆమె అలిగినప్పుడో నేను అలిగినప్పుడో, నేను కావాలని టాపులోకి మార్చేవాణ్ణి. అప్పుడు ఆమె భుజంమీది చేయి తీసి సీటు పట్టుకొనేది. ఆమెను దింపిన తరువాత హాలుకు ఆలస్యమవుతుందని ఒంటరిగా టాపులోనే పోయేవాణ్ణి. అలా ఆమెతో సగం దారి రెండవ గేరులో, ఆమె లేని సగం దారి టాపులో నడిచి, పెట్రోలు శనివారం నుంచి శనివారం దాకా సరిపోయేది.

ఇప్పుడు ఆమె ఎక్కడా దిగడం లేదు. నేను దారి పొడవునా ఆమె మాట వినబడే వేగంతోనే పోతున్నాను. అందుకే చాలడం లేదు.

“టాపెట్లు సరిగానే ఉండాయి అయివారూ,” అన్నాడు మేస్త్రీ. స్వరంలో ఎప్పటి బింకం లేదు. “మొదుట్నుంచీ సరిగానే ఉండాయేమో. నేనే అనవసరంగా విప్పితిని.”

 ఆయన సంచిలోంచి అదే కొలతతో నింపిన రెండవ సీసా తీశాడు.

“ఒక్కతూరి చెరువు పక్కకు తిప్పుకోని టాపులో పోయి చూడండి. పోకుంటే బిడ్డకు ఏం చెప్తారు? అమ్మేయిస్తాది. నేను ఆటో పట్టుకోని నర్సరీకి పోయి, నా స్కూటర్లో ఎనకే వస్తా.”

వెళ్ళాను. మొదట భయమేసింది. రెండు నుంచి మూడుకు మార్చినప్పుడు మెడ తనంతట తాను ఎడమకు ఒరిగింది, దానిని నిలబెట్టుకొన్నాను. టాపులోకి మార్చాను. ఇంజను మూలుగు ఆగి, ఒక గంభీరమైన, సమానమైన నాదం మొదలయింది. హెల్మెట్టు అంచులకు గాలి తాకి హోరుమన్నది. యూకలిప్టస్ తోపులూ, గోడౌన్లూ, కొత్త అపార్టుమెంట్ల ప్రకటనలూ వెనుకకు జారిపోయాయి. బడికి ఆలస్యమవుతున్న పడుచు ఉపాధ్యాయుడొకడు నాలో ఇంకా ఉన్నాడని తెలిసింది. బండి చెరువుకట్ట చేరింది. అంతటితో ఆగక, కట్ట చివరిదాకా పోయి, అక్కడ సీసా నిండుకొంది.

దిగి నిలబడ్డాను. చెరువులో నీరు ఒక మూలకు చేరి ఉన్నది. ఆ మూలనే కొంగలు వాలి ఉన్నాయి. నిశ్శబ్దంగా ఉన్న ఆ చోట నాకు తట్టింది, ఇంత దూరంలో నేను ఆమెను ఒక్కసారి కూడ తలచుకోలేదని. ఆమె పోయిన తరువాత అంతసేపు ఆమె లేకుండా నేను ఉండటం అదే మొదలు. గాలి హాయిగా ఉండింది.  ఆమెను వైద్యశాల మెట్ల దగ్గర దింపి, వెనుదిరిగి చూడకుండా సాగిపోయే వేళ ఉండే హాయి అది; కాని ఆనాడు, సాయంత్రం మెట్ల మీద నిలబడి ఎదురుచూసేది ఆమె. ఇక్కడ ఎదురుచూసేందుకు కొంగలు తప్ప ఎవరూ లేరు.

మేస్త్రీ స్కూటరు దిగుతూనే అరిచాడు.

“చూస్తిరా నా సెట్టింగు! నా కంటె ఎక్కువ దూరం తెస్తిరి గదా! టాపెట్లు అనవసరంగా విప్పితినని ఎవడన్నాడు?”

“నువ్వే అన్నావు.”

“నేనంటే మీరు నమ్మేదా?”

నా ముఖం చూసి నవ్వు ఆపి, మిగిలిన పెట్రోలు పోసి, గొట్టం టాంకుకు కలిపాడు. తిరుగు ప్రయాణంలో నేను రెండవ గేరు దాటలేదు. మేస్త్రీ తన స్కూటరుమీద, నన్ను దాటకుండా, హారను కొట్టకుండా, షెడ్డు దాకా వెనుకే వచ్చాడు. వెనుకవాళ్ళ తిట్లన్నీ ఆయనే తిన్నాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర అమ్మాయికి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. టాపెట్లు బాగుచేయించాను, ఇక ఆగదు అని చెప్పి తప్పించుకోవచ్చు. మేస్త్రీ కూడ అదే చెప్పమన్నాడు. కాని ఆమె నా కంచంలో చారు వడ్డిస్తుంటే ఆ మాట నోట రాలేదు. బండికి జబ్బేమీ లేదనీ, నేను మీ అమ్మతో మాట్లాడేటప్పటి వేగంతో ఒంటరిగా తిరుగుతున్నాననీ చెప్పాను. గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది.

“బండి మీద అంతసేపు మాట్లాడుకునేవాళ్ళా? ఇంట్లో మీరిద్దరూ అసలు మాట్లాడుకోరని నేను అనుకునేదాన్ని నాన్నా. చిన్నప్పుడు భయమేసేది నాకు.”

“ఇంట్లో ఎక్కడమ్మా చోటు?”

“ఏం చెప్పేది అమ్మ?”

చెప్పబోయాను. ఆమె అంత ఆత్రంగా అడిగింది గదా, ఒక్క రోజు సంభాషణ అయినా మొదటినుంచి చివరిదాకా చెబుదామని నోరు తెరిచాను. వేలకొద్దీ పద్యాలు కంఠస్థం చేసినవాణ్ణి. ఎవరిని గురించి చెప్పేదో గుర్తున్నది. ఎక్కడ నవ్వేదో, ఏ మలుపు దగ్గర గొంతు తగ్గించేదో, దిగే చోటు దగ్గర పడుతుంటే మాటలు ఎలా తొందరపడేవో గుర్తున్నది. మాటకు మాట ఒక్కటీ గుర్తు లేదు. ఆమె “నేనేమన్నానో చెప్పండి చూద్దాం” అని అన్నన్నిసార్లు ఎందుకు అడిగేదో నాకు ఆ రాత్రి కన్నబిడ్డ ముందు అర్థమయింది.

“వార్డు సంగతులు,” అన్నాను చివరికి. “నీ సంగతులు.”

“నా సంగతులేంటి?”

“నీకు జ్వరం వస్తే ఒక వారమంతా నీ సంగతులే. నీ జడ పొడవు. నువ్వు బడిలో ఎవరినో కొరికావట.”

“నేనా? కొరికానా?” అని ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకొన్నది. ఆ సంగతి అంతకు మించి నాకు తెలియదు. ఎవరిని కొరికిందో, ఎందుకు కొరికిందో చెప్పగలిగిన మనిషి ఒక్కతే.

చాలాసేపు ఇద్దరమూ భోంచేశాము. కంచాలు తీసేవేళకు నేనే అన్నాను, “వెళ్ళేటప్పుడు మీ అమ్మ దిగే చోటు దాటాక టాపులో వెళ్తానమ్మా.”

“వచ్చేటప్పుడు?”

నేను మంచినీళ్ళ గ్లాసు అందుకొన్నాను. ఆమె కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, వంటింటివైపు రెండడుగులు వేసి ఆగింది.

“అయితే బుధవారం కూడా ఒకసారి పెట్రోలు పోయించుకోండి నాన్నా,” అన్నది.